ఊరి క్లినిక్ నుంచి స్పెషలిస్ట్ దాకా: ఈ-కన్సల్టేషన్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

ఒంటి మీద మచ్చ చూపించుకోవడానికి ఒక రోజు కూలి వదులుకుని, రెండు బస్సులు మారి జిల్లా ఆస్పత్రికి చేరతారు. ఓపీ చీటీ చేతికొచ్చేసరికి చర్మం డాక్టరు గారు లేచి వెళ్లిపోయి ఉంటారు. మన ఊళ్లలో ఇది ఇంకా జరుగుతూనే ఉంది. ఊళ్లోని క్లినిక్‌లోనే కూర్చుని స్పెషలిస్ట్‌కు చూపించుకునే ఏర్పాటు ఇప్పుడు ఉంది. అయితే ఇవతలి నుంచి ఏం పంపారు, ఏం అడిగారు అన్నదాన్ని బట్టే అవతలి నుంచి సాయం అందుతుంది. ఈ పేజీ రోగులకు, వాళ్ల ఇంట్లోవాళ్లకు, రోగి పక్కన కూర్చుని కేసు పంపే ఎంఎల్‌హెచ్‌పీలకు (ఊరి క్లినిక్ నడిపే మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లకు), ఏఎన్ఎంలకు, పీహెచ్‌సీ డాక్టర్లకు.

ఈ-కన్సల్టేషన్ అంటే వీడియో కాలేనా?

కాదు. ఇందులో రెండు పద్ధతులున్నాయి. మొదటిది అప్పటికప్పుడు మాట్లాడుకోవడం: రోగి, ఆరోగ్య కార్యకర్త ఇటు, డాక్టరు అటు, మధ్యలో వీడియో. రెండోది రాసి పంపడం: రోగిని చూసిన డాక్టరు కేసు వివరాలు, ఫొటోలు, రిపోర్టులు జత చేసి స్పెషలిస్ట్‌కు ఒక ప్రశ్న పంపుతారు. స్పెషలిస్ట్ తనకు వీలైనప్పుడు చదివి రాతపూర్వకంగా జవాబిస్తారు. ఇద్దరూ ఒకే సమయంలో ఖాళీగా ఉండాల్సిన పని లేదు.

రెండో పద్ధతికి బాగా పేరొచ్చింది కెనడాలోని ఒట్టావాలో. ఫ్యామిలీ డాక్టర్ క్లేర్ లిడ్డీ, హార్మోన్ల స్పెషలిస్ట్ ఎరిన్ కీలీ అక్కడ 'బేస్' అనే ఈ-కన్సల్ట్ పద్ధతిని నిలబెట్టారు. స్పెషలిస్ట్ అపాయింట్‌మెంట్‌కు నెలలు పట్టే చోట వారం లోపు జవాబు రావాలన్నది వాళ్లు పెట్టుకున్న గడువు. జవాబు చూశాక చాలా కేసుల్లో రోగిని స్పెషలిస్ట్ దగ్గరికి పంపే అవసరమే రాలేదు.

మన దగ్గర మాత్రం వీడియో పద్ధతే ముందు వచ్చింది. 2000లో చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో వాళ్లు ఇస్రో ఉపగ్రహ సాయంతో టెలిమెడిసిన్ కేంద్రం మొదలుపెట్టారు. ఇప్పుడు ప్రభుత్వ వ్యవస్థలో నడుస్తున్నది ఈ-సంజీవని.

ఈ-సంజీవని ఎలా పనిచేస్తుంది? డబ్బు కట్టాలా?

పైసా కట్టనక్కర్లేదు. కేంద్ర ఆరోగ్య శాఖ కోసం మొహాలీలోని సీ-డాక్ అనే ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ దీన్ని తయారుచేసింది. ఇందులో రెండు దారులున్నాయి.

ఒకటి, క్లినిక్ ద్వారా. ఊళ్లోని విలేజ్ క్లినిక్, పల్లె దవాఖాన, ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ లాంటివి 'స్పోక్'. మెడికల్ కాలేజీలోనో జిల్లా ఆస్పత్రిలోనో డాక్టర్లు కూర్చునే చోటు 'హబ్'. స్పోక్‌లో ఉన్న ఎంఎల్‌హెచ్‌పీ మీ వివరాలు ఎక్కించి, హబ్ డాక్టరుకు కాల్ కలుపుతారు. ఈ పద్ధతిని 2019 నవంబరులో దేశంలో అందరికంటే ముందు మొదలుపెట్టింది ఆంధ్రప్రదేశే.

రెండోది ఇంటి నుంచి నేరుగా మీ ఫోన్‌లో చూపించుకునే ఓపీడీ. లాక్‌డౌన్ సమయంలో, 2020 ఏప్రిల్ 13న ఇది మొదలైంది.

మామూలు దగ్గు, జ్వరాలకు ఏ దారైనా ఒకటే. స్పెషలిస్ట్ కావాల్సిన కేసైతే క్లినిక్ దారే మేలని మేం గట్టిగా చెబుతాం. అక్కడ బీపీ చూసే చెయ్యి ఉంటుంది, పొట్ట నొక్కి చూసే చెయ్యి ఉంటుంది. డాక్టరు అడిగింది అప్పటికప్పుడు చేసి చెప్పే మనిషి పక్కనే ఉండటం చాలా పెద్ద తేడా.

క్లినిక్‌కు వెళ్లేటప్పుడు ఏం తీసుకెళ్లాలి?

ముఖ్యంగా మందుల స్ట్రిప్పులు. "బీపీకి ఒక తెల్ల బిళ్ల, షుగర్‌కు ఒక పెద్ద బిళ్ల" అని చెబితే అవతల డాక్టరుకు ఏమీ తెలియదు. వాడుతున్నవన్నీ, ఆపేసినవి కూడా, ఒక సంచిలో వేసుకెళ్లండి. స్ట్రిప్పు కత్తిరించి వాడేటప్పుడు పేరూ, మిల్లీగ్రాములూ ఉన్న ముక్కను చివరిదాకా ఉంచండి. నాటు మందు, ఆయుర్వేదం వాడుతుంటే దాచొద్దు. తిట్టడానికి అడగరు, రెండు మందులు ఒకదానితో ఒకటి పడకపోవచ్చని అడుగుతారు.

పాత చీటీలు, ల్యాబ్ రిపోర్టులు, డిశ్చార్జ్ కాగితం తేదీల వరుసలో పెట్టుకోండి. మీ ఆరోగ్య రికార్డులకు ఇచ్చే 14 అంకెల ఆభా నంబరు ఉంటే ఇవ్వండి. ఓటీపీ రావాల్సిన ఫోన్ మీ చేతిలో ఉండాలి. పెద్దవాళ్ల విషయంలో ఎక్కువసార్లు పని ఆగేది ఇక్కడే: నంబరు హైదరాబాద్‌లో ఉన్న కొడుకుది, ఆయనేమో డ్యూటీలో ఉండి ఫోన్ ఎత్తడు. వెళ్లే ముందే ఆయనకు ఒక మాట చెప్పి ఉంచండి.

బీపీ రోగులు ఒక్క రీడింగుతో వెళ్లొద్దు. వారం రోజులు ఉదయం, సాయంత్రం చూసి రాసిన కాగితం తీసుకెళ్లండి. చూసే ముందు అరగంట కాఫీ, టీ, బీడీ, సిగరెట్ ఉండకూడదు. ఐదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా కూర్చోవాలి. కఫ్ (బీపీ మిషన్ పట్టీ) కట్టిన చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయాలి. లావు చేతికి చిన్న కఫ్ కడితే బీపీ లేనిదే ఉన్నట్టు చూపిస్తుంది, దాన్ని నమ్మి స్పెషలిస్ట్ మందు పెంచితే రోగి కళ్లు తిరిగి పడతాడు. షుగర్ రీడింగుల పక్కన పరగడుపునో, తిన్నాక రెండు గంటలకో తప్పనిసరిగా రాయాలి. అది లేని అంకె వల్ల ఉపయోగం లేదు.

చర్మం మచ్చలు, పుండ్ల ఫొటో ఎలా తీయాలి?

చర్మ వ్యాధుల్లో ఫొటోయే సగం పరీక్ష. మచ్చ మీద పసుపు, ఆయింట్‌మెంట్, పౌడర్ ఉంటే తడిగుడ్డతో మెల్లగా తుడవండి. ఫోన్ కెమెరా అద్దాన్ని కూడా తుడవండి, జేబులోని చెమట మరక చాలు ఫొటో మసకబారడానికి. కిటికీ పక్కన పగటి వెలుతురులో తీయండి. ఫ్లాష్ వద్దు, దానితో తేమగా ఉన్న పుండు తెల్లగా మెరిసి రంగు తెలియకుండా పోతుంది.

మూడు ఫొటోలు కావాలి. ఒకటి దూరం నుంచి, ఒంట్లో ఎక్కడుందో తెలిసేలా. ఒకటి జానెడు దూరం నుంచి, పక్కన స్కేలో రూపాయి బిళ్లో పెట్టి, సైజు తెలిసేలా. ఇంకొకటి పక్క నుంచి, మచ్చ ఉబ్బి ఉందా చదునుగా ఉందా తెలిసేలా. తీశాక స్క్రీన్ మీద పెద్దది చేసి చూడండి. మీకు మసకగా ఉంటే డాక్టరుకు ఇంకా మసక. వాట్సాప్‌లో ఒకరి నుంచి ఒకరికి తిరిగిన ఫొటో నాణ్యత తగ్గిపోతుంది, తీసిన ఫోన్ నుంచే నేరుగా అప్‌లోడ్ చేయడం మంచిది.

ఫొటోతో పాటు మూడు మాటలు రాయాలి: ఎన్నాళ్లుగా ఉంది, దురద ఉందా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా. మచ్చ చుట్టుపక్కల చర్మం కంటే తెల్లబారి ఉంటే నాలుగోది కూడా: స్పర్శ ఉందా? దూదిని పోగులా మెలితిప్పి, రోగిని కళ్లు మూసుకోమని, తాకిన చోట వేలు పెట్టి చూపించమనండి. మంచి చర్మం మీద సరిగ్గా చూపిస్తూ మచ్చ మీద చూపించలేకపోతే కుష్ఠు అనుమానించాలి. కెమెరా ఈ పరీక్ష చేయలేదు, ఊళ్లో ఉన్న చెయ్యే చేయాలి. ఒక్క దూది పోగుతో దొరికిపోయే జబ్బుకు, ఆ పరీక్ష చేయనందుకు రోగి ఏళ్ల తరబడి 'తామర మందు' వాడుతూ ఉండిపోతాడు.

ఈసీజీ పంపేటప్పుడు?

కాగితం మొత్తం, పన్నెండు లీడ్లూ (గుండె గీతల వరుసలు), పేరూ, సమయమూ కనిపించేలా ఒకే ఫొటోలో రావాలి. కాగితాన్ని బల్ల మీద చదునుగా పరిచి, ఫోన్ సరిగ్గా పైన ఉంచి, మీ నీడ పడకుండా తీయండి. పేపర్ వేగం 25 మి.మీ., ఎత్తు 10 మి.మీ. అని అంచున ఉండే రాతను కత్తిరించొద్దు. కుడి, ఎడమ చేతులకు పెట్టే వైర్లు తారుమారైతే లేని గుండెజబ్బు కనిపిస్తుంది. లీడ్ 1లో అలలన్నీ తలకిందులుగా ఉంటే పంపే ముందు క్లిప్పులు ఒకసారి చూసుకోండి.

ఛాతీ నొప్పి ఏ నిమిషంలో మొదలైందో తప్పక రాయాలి. రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అన్నది చాలావరకు ఆ సమయం మీదే తేలుతుంది.

స్పెషలిస్ట్‌కు ప్రశ్న ఎలా రాయాలి? (పీహెచ్‌సీ డాక్టర్లు, ఎంఎల్‌హెచ్‌పీల కోసం)

ఇదే అన్నిటికంటే ముఖ్యం, అందరూ తొందరపడేదీ ఇక్కడే. రోజూ కనిపించే రాత ఇలా ఉంటుంది:

"షుగర్ కంట్రోల్ కావడం లేదు. సలహా ఇవ్వగలరు."

దీనికి ఎంత గొప్ప డాక్టరైనా "రిఫర్ చేయండి" అనే రాస్తారు. వేరే దారి లేదు. అదే కేసును ఇలా రాసి చూడండి:

"52 ఏళ్ల మహిళ, 8 ఏళ్లుగా షుగర్, బరువు 61 కిలోలు. మెట్‌ఫార్మిన్ 1000 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, గ్లిమిపిరైడ్ 2 మి.గ్రా. ఉదయం. హెచ్‌బీఏ1సీ 9.4, క్రియాటినిన్ 1.1, ఈ నెలలోనే చేసినవి. మాత్రలు రోజూ వేసుకుంటోంది, స్ట్రిప్పులు చూశాం. గత పది రోజుల్లో రెండుసార్లు తెల్లవారుజామున చెమటలు పట్టి, పంచదార నోట్లో వేసుకుంటే తగ్గింది. గ్లిమిపిరైడ్ పెంచవచ్చా, ఇన్సులిన్ మొదలుపెట్టాలా?"

ఇందులో ప్రాణమంతా తెల్లవారుజామున చెమటల వాక్యంలో ఉంది. అది షుగర్ పడిపోతోందనడానికి గుర్తు కావచ్చు. ఆ మాట లేకపోతే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 9.4 అన్న అంకె చూసి గ్లిమిపిరైడ్ పెంచమని జవాబు రావచ్చు, ఆ రాత్రి ఆమెకు స్పృహ తప్పవచ్చు. ఆ మాట ఉంటే డాక్టరు ముందుగా తెల్లవారుజామున షుగర్ చూడమంటారు, రాత్రి భోజనం గురించి అడుగుతారు. 'స్ట్రిప్పులు చూశాం' అన్న మాట కూడా చిన్నది కాదు. మందు పనిచేయడం లేదా, అసలు వేసుకోవడమే లేదా అన్న అనుమానాన్ని అది తీర్చేస్తుంది.

చివర్లో ఉన్నది ఒకే ప్రశ్న, రెండు దారులతో. "ఏం చేయాలి" అని అడగకండి, "ఇది చేయనా, అది చేయనా" అని అడగండి. మీ దగ్గర ఏ మందులు, ఏ పరీక్షలు ఉన్నాయో కూడా ఒక ముక్క రాయండి. లేదంటే 60 కిలోమీటర్ల దూరంలో తప్ప దొరకని స్కానింగు రాసి పంపుతారు, రోగి దాన్ని మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికెళ్లిపోతాడు.

ఏ జబ్బులకు ఇది బాగా పనికొస్తుంది?

చర్మం, బీపీ, షుగర్, థైరాయిడ్, ఫిట్స్ మందుల మార్పులు, మానసిక సమస్యలు, రిపోర్టులు చూపించి తర్వాతేంటని అడగడం, ఆపరేషన్ తర్వాతి చూపులు. కంటి విషయంలో ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థ ఊళ్లలో విజన్ సెంటర్లు పెట్టి, అక్కడి టెక్నీషియన్లు పరీక్షించిన కళ్లను దూరం నుంచి కంటి డాక్టర్లు చూసే ఏర్పాటు చాలా కాలంగా నడుపుతోంది.

కొత్తగా వచ్చిన కడుపునొప్పి, రొమ్ములో గడ్డ, మెడలో గడ్డ, చెవిలో చీము, బరువు ఉన్నట్టుండి తగ్గడం లాంటివాటికి చెయ్యి పెట్టి చూడాల్సిందే. అక్కడ ఈ-కన్సల్టేషన్ చేసే మేలు వేరు: ఏ ఆస్పత్రికి, ఏ విభాగానికి, ఏ పరీక్షలు ముందే చేయించుకుని వెళ్లాలో తేల్చడం. అదీ తక్కువ మేలు కాదు, మూడు తిరుగుళ్లు ఒకటవుతాయి.

ఎప్పుడు దీనికోసం ఆగకూడదు?

మూతి వంకరపోయినా, కాలూ చెయ్యీ పడిపోయినా, మాట తడబడినా 108కి ఫోన్ చేయండి. పక్షవాతంలో గడ్డ కరిగించే మందుకు గడువు నాలుగున్నర గంటలు. అది మొదలయ్యేది రోగి చివరిసారి మామూలుగా ఉన్న సమయం నుంచి, మీరు చూసిన సమయం నుంచి కాదు. ఛాతీ నొప్పితో చెమటలు, విపరీతమైన ఆయాసం, ఆగని ఫిట్స్, పాముకాటు, పురుగుల మందు తాగడం లాంటివాటికీ వెంటనే 108కే ఫోన్ చేయండి. గర్భిణికి బీపీ 140/90 దాటి తలనొప్పి, కళ్లు మసకలు ఉంటే, రక్తం పోతుంటే, ఉమ్మనీరు పోతుంటే టోకెన్ కోసం కూర్చోవద్దు. అంబులెన్స్ వచ్చేలోపు ఎంఎల్‌హెచ్‌పీ హబ్ డాక్టరుతో మాట్లాడి ప్రథమ చికిత్స తెలుసుకోవచ్చు. బయల్దేరడం మాత్రం ఆగకూడదు.

పిల్లలను చూపించేటప్పుడు?

బరువు తప్పనిసరి, ఆ రోజు తూచిన బరువు. పిల్లల మందుల మోతాదు దాన్ని బట్టే లెక్కిస్తారు. దగ్గు, జ్వరం ఉంటే పిల్ల ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా ఎత్తి, పూర్తిగా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల నుంచి ఏడాది లోపు వాళ్లకు 50, ఏడాది నుంచి ఐదేళ్ల వాళ్లకు 40, అంత ఉన్నా, అంతకు మించినా వేగంగా ఉన్నట్టే. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా వీడియో కాదు, ఆస్పత్రి. మైనర్ల విషయంలో పెద్దవాళ్లు పక్కన ఉండి, తామెవరో చెప్పాలి.

టెలిమెడిసిన్ నియమాల్లో 'ఆర్ఎంపీ' అని ఉంటుంది. అంటే మా ఊరి ఆర్ఎంపీ డాక్టరేనా?

కాదు, ఇక్కడ చాలామంది పొరబడతారు. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల్లో ఆర్ఎంపీ అంటే రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్, అంటే మెడికల్ కౌన్సిల్‌లో పేరు నమోదైన డాక్టరు. మన ఊళ్లలో మోటారు సైకిల్ మీద తిరిగి సూది వేసే ఆర్ఎంపీకి ఆ నియమాలు ఏ హక్కూ ఇవ్వలేదు. మీకు చీటీ ఇచ్చిన డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఆ చీటీ మీద ఉండాలి. లేకపోతే అడగండి, అది మీ హక్కు.

ఆన్‌లైన్ చీటీకి మందుల షాపులో మందులిస్తారా? అన్ని మందులూ రాస్తారా?

డాక్టరు సంతకంతో స్కాన్ చేసిన చీటీగానీ, డిజిటల్ చీటీగానీ చెల్లుతుంది. అన్ని మందులూ రాయడానికి మాత్రం వీల్లేదు. పారాసిటమాల్, ఓఆర్‌ఎస్ లాంటివి ఫోన్ మాటతోనూ సూచించవచ్చు. కొన్ని మందులు మొదటిసారి రాయాలంటే వీడియోలో చూసే రాయాలి. ఇంకొన్ని, ముందే నేరుగా చూసిన రోగికి, అదే జబ్బుకు ఆరు నెలల లోపు మళ్లీ సంప్రదించినప్పుడే. మార్ఫిన్ లాంటి మత్తు మందులు, షెడ్యూల్ ఎక్స్ (అమ్మకం మీద గట్టి కట్టడి ఉన్న) మందులు రాయకూడదు. కాబట్టి డాక్టరు "ఇది ఇలా రాయలేను, వచ్చి చూపించుకోండి" అంటే అది నిర్లక్ష్యం కాదు, నియమం.

క్లినిక్‌లో కన్సల్టేషన్ అయితే చీటీలోని మందులు అక్కడే ఉన్నాయో లేదో కాల్ పెట్టేయక ముందే చూసుకోవాలి. లేని మందుకు బదులు ఉన్నది రాయించుకోవడం ఆ నిమిషంలో తేలిక, మర్నాడు అదే డాక్టరును పట్టుకోవడం కష్టం.

వీడియో తెగిపోతోంది, మాట వినిపించడం లేదు. ఏం చేయాలి?

వీడియో ఆపి మాట మాత్రం ఉంచితే తక్కువ సిగ్నల్‌లోనూ నడుస్తుంది. చూడాల్సింది ఉంటే ఫొటోగా ఎక్కించండి. రోగి వెనక కిటికీ ఉంటే ముఖం నల్లగా కనిపిస్తుంది, కుర్చీ తిప్పండి. ఫ్యాను కింద మైకు పెడితే గాలి మోత తప్ప ఇంకేం వినిపించదు. వినికిడి తక్కువైన పెద్దవాళ్లకు ఇయర్‌ఫోన్ పెట్టండి, లేదా డాక్టరు మాటను పక్కవాళ్లు మళ్లీ చెప్పండి. రెండు మూడు సార్లు కాల్ తెగితే కేసు మధ్యలో వదిలేయకుండా ఎక్కడ ఆగిందో రాసి ఉంచాలి. మళ్లీ కలిసేది వేరే డాక్టరు కావచ్చు.

కాల్ చుట్టూ జనం ఉంటే ఆడవాళ్లు మాట్లాడలేకపోతున్నారు.

తలుపు వేయడం, వరుసలో ఉన్నవాళ్లను బయట కూర్చోబెట్టడం క్లినిక్ వాళ్ల బాధ్యత. తెల్లబట్ట, గర్భసంచి సమస్య, ఇంట్లో కొట్టడం లాంటివి అత్తగారి ముందు ఎవరూ చెప్పరు. స్క్రీన్‌కు అవతల ఎవరెవరున్నారో అడిగే హక్కు రోగికి ఉంది, చెప్పాల్సిన బాధ్యత డాక్టరుకు ఉంది. ఫొటో ఎవరి ఫోన్‌లో తీశారో వాళ్లు అప్‌లోడ్ కాగానే రోగి ముందే తుడిచేయాలి. మానసిక సమస్యలకు ఇంకో దారి ఉంది: టెలీ మానస్ అనే ప్రభుత్వ ఫోన్ సేవ, నంబరు 14416, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు లేదు.

స్పెషలిస్ట్ సలహా వచ్చింది. తర్వాత?

ఎక్కువ కేసులు జారిపోయేది ఇక్కడే. చీటీలో రాసిన ఒక్కో మాట మీద ఎవరు, ఏ తేదీకి చేయాలో రోగికి ఇంటి భాషలో చెప్పి, కాగితం మీద రాసివ్వాలి. "రాత్రి అన్నం తిన్నాక ఒకటి" అంటే అర్థమవుతుంది, ఇంగ్లిష్ పొట్టి అక్షరాలు అర్థం కావు. రిజిస్టర్‌లో తిరిగి రావాల్సిన తేదీ రాసుకుని, ఆ వారం ఆశా కార్యకర్తను ఇంటికి పంపాలి. మళ్లీ సంప్రదించేటప్పుడు పాత కన్సల్టేషన్ నంబరు, అప్పుడేం రాశారు, ఇప్పుడేం మారింది అన్నవి మొదటి వాక్యంలోనే ఉండాలి.

రోగి లేకుండా, కాల్‌ల లెక్క చూపించుకోవడం కోసం కాల్ పెట్టకండి. అందులో రాసే అబద్ధపు రీడింగు ఆ మనిషి ఆరోగ్య రికార్డులో ఉండిపోతుంది, రేపు నిజంగా జబ్బు చేసినప్పుడు డాక్టరు దాన్నే నమ్ముతారు.

మేం అమెరికాలో ఉంటాం, అమ్మానాన్న ఊళ్లో ఉంటారు. మేం కాల్‌లో ఉండొచ్చా?

ఉండొచ్చు, వాళ్లు సరేనంటే. కాల్ మొదట్లోనే మీరెవరో డాక్టరుకు చెప్పండి. మీ నుంచి డాక్టరుకు నిజంగా పనికొచ్చేది పాత చరిత్ర: ఏ ఏడు ఏ ఆపరేషన్, ఏ మందు పడలేదు. ఆ వివరాలు ముందే ఒక పేజీలో రాసి పంపండి, కాల్‌లో అమ్మనే మాట్లాడనివ్వండి. నొప్పి ఎక్కడో ఆమెకే తెలుసు. మీకోసం, అంటే విదేశంలో ఉన్న రోగికి, ఇక్కడి డాక్టరుతో వైద్యం చేయించుకోవడం మాత్రం మన టెలిమెడిసిన్ మార్గదర్శకాల పరిధిలోకి రాదు. ఆ చీటీకి అక్కడి ఫార్మసీలో మందులు ఇస్తారని అనుకోవద్దు.